సిస్టమ్ తీసుకోవట్లేదట!

ఇక సాఫ్ట్‌వేర్ రాయడానికి మనిషి అక్కర్లేదట. ఏం కావాలో నోటితో చెబితే ఏఐ యాప్ తయారుచేసి చేతిలో పెడుతుందట. మాదాపూర్ గాజు మేడల్లో జీతాలిచ్చేవాళ్లు ఈ మాట సంబరంగా అంటున్నారు. అచ్చంపేట బస్టాండులో కొడుకు బీటెక్ ఫీజుకు లెక్కలేసుకునే తండ్రి ఇదే మాట దిగులుగా అంటున్నాడు. సంబరపడేవాడూ దిగులుపడేవాడూ నమ్మింది ఒకటే, ఇద్దరూ పొరబడిందీ ఒకచోటే. పదిమందీ అంటున్నారు కదా అని మాట నిజమైపోదు. పాఠకులు తీర్పరులుగా కూర్చుని సాక్ష్యం చూడాలి. దానికోసం సిలికాన్ వ్యాలీ దాకా పోనక్కర్లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా మన్ననూరులో కావలసినంత దొరుకుతుంది.

ముందు ఎదుటివారి వాదనను ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. బలహీనపరిచి ఓడించడంలో గొప్పేముంది? వాళ్లనేది ఇది: యాప్ అంటే కోడ్. కోడ్ రాయడం కష్టం, ఖరీదు. అందుకే ఇన్నాళ్లూ పట్నం కంపెనీల చుట్టూ తిరగాల్సి వచ్చింది. 2021లో గిట్‌హబ్ కోపైలట్ వచ్చింది, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆండ్రే కర్పతీ, కోడ్ వంక చూడకుండానే ప్రోగ్రాములు చేయించుకునే పద్ధతికి ‘వైబ్ కోడింగ్’ అని పేరు కూడా పెట్టాడు. కోడ్ కారుచవకైంది కాబట్టి యాప్ కూడా కారుచవకైనట్టే. ఇదీ వాదన.

ఇందులో సగం నిజముంది. కోడ్ చవకైన మాట వాస్తవం. ఫారాలు గీయడం, పాత కోడ్‌ను కొత్త భాషలోకి మార్చడం, పరీక్షలు రాయడం వంటి చాకిరీని యంత్రం చకచకా చేస్తోంది. కాదనేవాడు కళ్లు మూసుకున్నట్టే. తప్పంతా వాళ్ల మొదటి వాక్యంలో ఉంది. యాప్ అంటే కోడేనని ఎవరు చెప్పారు?

యాప్ అంటే ముందు నిర్ణయాలు. ఎవరు అర్హులు, ఎవరు కారు, డబ్బు ఎప్పుడివ్వాలి, లెక్క తప్పితే దిద్దే అధికారం ఎవరిది, దిద్దమని అడగడానికి ఎవరి దగ్గరికి పోవాలి? ఇవన్నీ ఎవరో ఒకరు తేల్చాలి. తేల్చినదాన్ని యంత్రం నడపగలిగేలా రాసిపెట్టేదే కోడ్. రాసే పని చవకైతే తేల్చే పని తీరిపోతుందా? దస్తావేజు లేఖరి చేతిరాత పోయి కంప్యూటర్ ప్రింటు వచ్చింది. గట్టు తగాదాలు తీరాయా?

ఈ భ్రమ నిన్న మొన్నటిదీ కాదు. దీనికి 70 ఏళ్ల చరిత్ర ఉంది. 1954లో ఐబీఎం వాళ్లు ఫోర్ట్రాన్ ప్రతిపాదన రాస్తూ, ఇక కోడ్ రాయడమూ తప్పులు వెతకడమూ దాదాపు ఉండవని చెప్పుకున్నారు. 1957లో ఫోర్ట్రాన్ వచ్చింది. గొప్ప సాధనమే. మరి ప్రోగ్రామర్లు తగ్గారా? అంతకుముందు ఎవరూ ఊహించనంతగా పెరిగారు. 1960 నాటికి కోబాల్ వచ్చింది. మామూలు ఇంగ్లిష్ వాక్యాల్లా ఉంటుంది గనక వ్యాపారులే చదువుకోగలరన్నారు. చదివిన వ్యాపారి ఎక్కడ? 1980ల మొదట్లో జేమ్స్ మార్టిన్, ప్రోగ్రామర్లు లేకుండా అప్లికేషన్లు తయారుచేయడం గురించి ఏకంగా పుస్తకమే రాశాడు. 1982లో జపాన్ ‘ఐదో తరం కంప్యూటర్ల’ పథకం మొదలుపెట్టి పదేళ్లు నడిపింది. తర్వాత కేస్ టూల్స్ అన్నారు. బొమ్మలు గీస్తే కోడ్ రాలుతుందన్నారు. లో-కోడ్ అన్నారు. ప్రతిసారీ అదే శుభవార్త. సాధనం కొన్నిసార్లు నిలిచింది, శుభవార్త మాత్రం ప్రతిసారీ మాయమైంది.

ఎందుకు మాయమైందో 1986లోనే ఫ్రెడ్ బ్రూక్స్ తేల్చి చెప్పాడు. ఐబీఎం 360 ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించి, ఎదురుదెబ్బలు తిని, తిన్న దెబ్బల గురించి రాసిన మనిషి. సాఫ్ట్‌వేర్ కష్టాలు రెండు రకాలన్నాడు. ఒకటి పనిముట్ల వల్ల వచ్చేది. రెండోది పనిలోనే ఉన్నది: ఏం చేయాలో పూర్తిగా, స్పష్టంగా, ఒకదానితో ఒకటి పొసగేలా తేల్చుకోవడం. పనిముట్లు మెరుగుపడితే మొదటిది తగ్గుతుంది. రెండోది ఎక్కడిదక్కడే ఉంటుంది. నలభై ఏళ్లయినా ఈ మాటను ఎవరూ పడగొట్టలేకపోయారు, కాకపోతే చాలామంది చదవకుండా దాటేశారు.

తెలుగువాళ్లకైతే ఇది ఇంకొకరు చెప్పాల్సిన పనే లేదు. సంవత్సరాన్ని రెండంకెల్లో రాస్తే చాలని ఎప్పుడో చేసిన నిర్ణయాన్ని దిద్దడానికే కదా 1990ల చివర్లో మనవాళ్లు గుంపులుగా అమెరికా విమానాలెక్కింది? ఆ కోబాల్ ప్రోగ్రాముల్లో కోడ్ చెడిపోలేదు. రాసింది రాసినట్టే నడిచింది. కాలం చెల్లింది నిర్ణయానికి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకునే నాటికి హైదరాబాద్ ఐటీ కూటిలో ఆ పాత నిర్ణయం పెట్టిన ముద్దలు తక్కువేమీ కావు. కోడ్ రాయడమే సాఫ్ట్‌వేర్ అనే మాట మిగతా ప్రపంచం అంటే అనవచ్చు. మనం అంటే చెల్లదు.

ఇక మన్ననూరు. శ్రీశైలం వెళ్లే యాత్రికుడికి ఈ ఊరు ఒక చెక్‌పోస్టు. రాత్రి 9 దాటితే గేటు పడుతుంది, ఉదయం 6 దాకా లేవదు. ముందున్నది నల్లమల, 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వు. చెంచు గిరిజనుల కోసం పెట్టిన ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. అడవి లోపలి పెంటల్లో, అంటే చిన్న చిన్న గూడేల్లో, బతికే చెంచుకు సర్కారు అంటే ముందుగా గుర్తొచ్చేది ఈ ఆఫీసే. యాప్‌లు ఎలా పుడతాయో, ఎలా చెడతాయో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు.

2009లో, ఉమ్మడి రాష్ట్రంలో, ఉపాధి హామీ కింద చెంచుల కోసం ఒక ప్రత్యేక ప్రాజెక్టు పెట్టారు. ఎందుకు? చెంచు ఇంట్లో ఏ రోజు తిండి ఆ రోజుదే. ఈ వారం మట్టి పని చేస్తే వచ్చే నెల బ్యాంకులో కూలీ పడుతుందంటే ఈ నెలంతా తినేదేమిటి? అందుకని కూలీలో కొంత ముందే ఇచ్చే ఏర్పాటు చేశారు. అందరికీ అప్పట్లో ఉన్న 100 రోజుల హద్దు దాటి 180 రోజుల దాకా పనికి వీలు కల్పించారు. ప్రత్యేకంగా సిబ్బందిని పెట్టారు. ఆ ప్రాజెక్టు లోపాల్లేనిదని ఎవరూ అనరు. కానీ అడవిలో బతుకు ఎలా సాగుతుందో తెలిసినవాళ్లు ఆలోచించి పెట్టిన నిబంధనలవి.

అప్పట్లో రాష్ట్రంలో ఉపాధి హామీ లెక్కలు టీసీఎస్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో నడిచేవి. 2022 ప్రాంతంలో తెలంగాణ కేంద్రం వారి సాఫ్ట్‌వేర్‌కు మారింది. అది దేశమంతటికీ ఒకే అచ్చు. చెంచుల ప్రాజెక్టుకు అందులో గడి లేదు. ప్రాజెక్టు ఆగిపోయింది. నల్లమల మారలేదు, పెంటలు మారలేదు, ఆకలి మారలేదు. మారింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే. దాంతో ముందస్తు కూలీ పోయింది. అడిగితే ఆఫీసుల్లో వినిపించే జవాబు మనందరికీ తెలిసిందే: ‘సిస్టమ్ తీసుకోవట్లేదు.’

ఇక్కడ ఏఐ భక్తులు చప్పట్లు కొడతారు. చూశారా, ఇప్పుడైతే ఆ గడిని ఐదు నిమిషాల్లో పెట్టించొచ్చు అంటారు. సరే, పెట్టించండి. యంత్రానికి ఏం చెబుతారు? ‘చెంచు కుటుంబానికి కూలీలో సగం ముందుగా ఇవ్వాలి’ అంటారు. ఒక్క వాక్యం. దాన్ని విప్పి చూద్దాం. కుటుంబం అంటే ఎవరు? జాబ్ కార్డులో పేరున్నవాళ్లా, ఒకే గుడిసెలో ఉండేవాళ్లా? పెళ్లయి పక్క పెంటకు పోయిన కొడుకు ఏ కార్డు కిందికి వస్తాడు? సగం అంటే దేనిలో సగం? ఈ నెల చేయబోయే పనిలోనా, పోయిన నెల చేసినదానిలోనా? ముందు డబ్బు తీసుకున్న మనిషి తేనె కాలంలో కొండల్లోకి పోయి పనికి రాకపోతే ఆ డబ్బు రాబట్టాలా, వదిలేయాలా? రాబట్టాలంటే ఎవరి కూలీలోంచి, భార్య కూలీలోంచా? వానలకు పని ఆగిపోతే ఆ లెక్క కూలీ ఖాతాలో రాయాలా, సర్కారు ఖాతాలోనా? డబ్బు బ్యాంకులో వేస్తే, తెచ్చుకోవడానికి పెంట నుంచి ఎంత దూరం నడవాలి? నడిచి పోయాక వేలిముద్ర పడకపోతే? పుట్టినరోజు తెలియక ఆధార్‌లో జనవరి 1 రాయించుకున్నవాళ్లు ఒకే పేరుతో ఇద్దరుంటే ఎవరి డబ్బు ఎవరికి పోతుంది?

వీటిలో ఒక్కదానికైనా జవాబు కోడ్‌లో ఉందా? కొన్నిటికి చట్టంలో ఉంది. కొన్నిటికి ప్రాజెక్టు అధికారి సంతకం కావాలి. కొన్నిటికి పెంట పెద్దలను అడగాలి. మిగతావాటికి ఎక్కడా జవాబు లేదు, నలుగురూ కూర్చుని తేల్చాలి. పని తెలిసిన ప్రోగ్రామర్ ఒక్క లైను రాయకముందు ఈ ప్రశ్నలతోనే ఆఫీసువాళ్ల ప్రాణం తోడేస్తాడు. అందుకే అతనంటే ఆఫీసుల్లో చిరాకు. యంత్రం చిరాకు పెట్టదు. అడగని ప్రశ్నకు తానే ఒక జవాబు అనుకుని, అనుకున్నట్టు చెప్పకుండా, నున్నటి స్క్రీను గీసి చేతిలో పెడుతుంది. చూసినవాళ్లు ముచ్చటపడతారు. ముద్దు తీరేది మొదటి చెల్లింపు రోజున.

రెండో సాక్ష్యం. ఉపాధి హామీ కూలీల హాజరుకు కేంద్రం 2021లో ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాన్ని తప్పనిసరి చేసింది. కూలీల పని చూసుకునే మేట్, పని జరిగే చోట నిలబడి రోజుకు రెండుసార్లు వాళ్ల ఫొటో తీయాలన్నారు. ఫొటో మీద సమయం, స్థలం వాటంతటవే పడతాయి. కాగితం మస్టర్లో దొంగ పేర్లు రాసే రోగానికి యంత్రం మందు వేసిందన్నారు. లోతట్టు పెంటలో సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగారా? పొద్దున్నే పని ముగించుకున్న ఆడమనిషి రెండో ఫొటో కోసం ఎండలో ఎందుకు కూర్చోవాలని అడిగారా? మేట్ ఫోను పాడైతే ఆ రోజు కూలీ ఎవరు కట్టిస్తారని అడిగారా? కోడ్ నిక్షేపంగా పనిచేసింది. ఫొటో లేదు కాబట్టి హాజరు లేదు, హాజరు లేదు కాబట్టి కూలీ లేదు. కోడ్ తనకు చెప్పిందే చేసింది.

మరి దొంగ హాజరైనా ఆగిందా? 2025 జూలై 8న కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్ ఇచ్చింది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కుతున్నాయని, ఫొటోనే మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారని, ఒకే మనుషులు వేర్వేరు మస్టర్లలో కనిపిస్తున్నారని అందులో ఒప్పుకుంది. విరుగుడు ఏం చెప్పింది? పంచాయతీ స్థాయిలో నూటికి నూరు ఫొటోలనూ మనుషులే కూర్చుని చూసి సరిపోల్చాలంది. మనిషిని తప్పించడానికి యంత్రం తెచ్చారు. యంత్రాన్ని కనిపెట్టి ఉండటానికి మళ్లీ మనిషినే పెట్టారు. ఇది ఆటోమేషనా? పని ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదికి మార్చడమా? తీర్పు పాఠకులదే.

ధరణి సంగతి పాలమూరు రైతుకు నేను చెప్పాలా? 2020 అక్టోబరు 29న ఈ భూ రికార్డుల పోర్టల్ మొదలైంది. పేరులో అక్షరం తప్పు పడినా, విస్తీర్ణంలో గుంట తగ్గినా దిద్దే అధికారం తహసీల్దారు చేతిలో లేకుండా పోయింది. పోర్టల్‌తో పాటు వచ్చిన కొత్త చట్టంలో అప్పీలుకు దారే లేదు. గగ్గోలు లేచిన కొద్దీ ఏం చేశారు? మాడ్యూల్ మీద మాడ్యూల్ పెంచారు. రికార్డుల సవరణకు పెట్టిన మాడ్యూల్ నంబరు 33. స్క్రీన్లు పెరిగాయి, అప్పీలు దారి మాత్రం తెరుచుకోలేదు. ఎందుకంటే తప్పు స్క్రీన్లలో లేదు, చట్టంలో ఉంది. చివరికి చట్టమే మార్చి, అప్పీళ్లు తిరిగి తెచ్చి, 2025 ఏప్రిల్ 14న భూ భారతి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ నాలుగున్నరేళ్లలో ఏఐ చేతికిచ్చి ఉంటే ఏం జరిగేది? 33 బదులు 333 మాడ్యూళ్లు పుట్టేవి, అదీ వారానికో డజను చొప్పున. రైతు మాత్రం కలెక్టరేట్ ముందు అలాగే నిలబడి ఉండేవాడు.

రేషన్ కార్డుల కథ ఇంకా చేదు. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను కలిపి, పేర్లూ చిరునామాలూ పోల్చి, ఎవరికి కారుంది, ఎవరికి ఆస్తి ఉంది అని తేలుస్తుంది. పోలిక తప్పితే? ఒకరి కారు ఇంకొకరి తలకు చుట్టుకుంటుంది. అనర్హులన్న పేరుతో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. రికార్డులు కలపడం యంత్రానికి చిటికెలో పని. కలిపినది తప్పయినప్పుడు ముందుగా నోటీసు ఇవ్వాలా, ఇల్లు చూసి రావాలా, అప్పటిదాకా బియ్యం ఆపాలా వద్దా అన్నది మనిషి తేల్చాల్సిన ధర్మం. ఆ ధర్మాన్ని తేల్చకుండా చిటికె వేస్తే ఖాళీ అయ్యేది పేదవాడి కంచమే.

2019 తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? ఆ ఏప్రిల్ 18న ఫలితాలు వచ్చాయి. తెలుగులో సున్నా అని చూపిన ఒక విద్యార్థినికి తర్వాత చూస్తే 99 మార్కులున్నాయి. దిద్దినవారు బబుల్ తప్పుగా నింపారు, సరిచూడాల్సినవారు చూడలేదు. సాఫ్ట్‌వేర్ ఆ సున్నాను శ్రద్ధగా అచ్చువేసింది. బాగా చదివే పిల్లకు ఒక్కసారిగా సున్నా రావడం వింతగా ఉందే, ఒకసారి ఆపి చూద్దామని అడిగే నిబంధన అందులో ఎవరూ పెట్టలేదు. ఆ గందరగోళంలో రాష్ట్రం పిల్లలను పోగొట్టుకుంది. ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ ఏం చెప్పింది? మరో స్వతంత్ర సంస్థతో సమాంతరంగా ఫలితాలు తీయించి రెండూ సరిపోల్చమంది. ఇంకా వేగంగా రాయమని చెప్పలేదు, ఇంకా అనుమానంగా చూడమంది. అనుమానించడానికి వేరే మనసు కావాలి. కోడ్ రాసిన యంత్రమే ఆ కోడ్‌కు పరీక్షలూ రాసి, తానే పాసు చేసుకుంటే ఆ అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ ఒక అడ్డు ప్రశ్న వస్తుంది. ఇవన్నీ మనుషులు రాసిన సాఫ్ట్‌వేర్ల తప్పులే కదా, ఏఐ మీద ఎందుకు రుద్దుతున్నారని. సరైన ప్రశ్న. నా వాదన కూడా అదే. మనుషులు రాసినా ఇవి చెడింది కోడ్ దగ్గర కాదు. నిర్ణయం దగ్గర, సరిచూడటం దగ్గర, జవాబుదారీ దగ్గర చెడ్డాయి. ఈ మూడింటిలో ఏఐ తీసేసేది ఏది? ఒక్కటీ లేదు. పైగా తప్పుడు నిర్ణయం అమలు కావడానికి పట్టే కాలాన్ని అది తగ్గిస్తుంది. ఇదివరకు చెడ్డ నిబంధన యాప్‌గా మారడానికి ఆరు నెలలు పట్టేది. ఆ ఆరు నెలల్లో ఎవరో ఒకరు, ఎంత కింది ఉద్యోగైనా, ‘సార్, ఇది కుదరదు’ అనే అవకాశం ఉండేది. ఇప్పుడు ఆ అవకాశానికీ గడువు లేదు.

మరో అడ్డు ప్రశ్న: యంత్రం రేపు ఇంకా తెలివిమీరుతుంది, ప్రశ్నలు తానే అడుగుతుంది. అడగనివ్వండి, మంచిదే. జవాబు చెప్పేదెవరు? పెళ్లయిన కొడుకు ఏ కార్డు కిందికి వస్తాడని యంత్రం అడిగితే జవాబు చెప్పడానికి అధికారం ఉన్న మనిషి, పెంట తెలిసిన మనిషి ఇద్దరూ కావాలి. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, చెప్పింది అర్థం చేసుకుని, పొసగనివి ఎత్తి చూపే మూడో మనిషీ కావాలి. ఆ మూడో మనిషిని ఇన్నాళ్లూ ప్రోగ్రామర్ అన్నాం. రేపు ఇంకేమైనా అనండి. పని మాత్రం అదే.

పోనీ వేగమైనా వాళ్లు చెప్పినంత పెరిగిందా? 2025లో మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లకు, వాళ్లకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులిచ్చి, ఏఐతో కొన్నీ ఏఐ లేకుండా కొన్నీ చేయించింది. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. అసలు విశేషం అది కాదు. పని ముగిశాక కూడా వాళ్లు తాము 20 శాతం వేగంగా చేశామనే నమ్మారు. ఇది అందరికీ, అన్ని పనులకూ వర్తిస్తుందని నేననను. కొత్త సాధనాలతో లెక్క మారవచ్చు. కానీ చేయి తిరిగినవాళ్లే తమ వేగాన్ని ఇంతగా పొరబడితే, సాధనం అమ్ముకునేవాడు చెప్పే వేగాన్ని మనం ఏ ధైర్యంతో నమ్మాలి? అదే ఏడాది జూలైలో రెప్లిట్ అనే కంపెనీ ఏఐ, మార్పులేవీ చేయొద్దని చెప్పినా వినకుండా ఒక వ్యాపారి అసలు డేటాబేస్‌నే చెరిపేసింది. కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పాడు. గమనించండి, యంత్రం తప్పుకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది మనిషికే.

ఊరి యాప్ ఊరివాళ్లే చేసుకుంటారన్న మాట వినడానికి తియ్యగా ఉంటుంది. మొదటి రోజు చేసుకుంటారు కూడా. రెండో ఏడు సంగతేమిటి? నిబంధన మారుతుంది, చేసిన ఉద్యోగి బదిలీ అవుతాడు, ఫోన్లు మారతాయి. లోపల ఏముందో తెలిసినవాడు ఉండడు. ఈలోగా అందులో చేరిన ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఎవరి కాపలాలో ఉన్నాయి? 2025లో లవబుల్ అనే సాధనంతో తయారైన 1,645 యాప్‌లను పరిశీలిస్తే 170 యాప్‌ల్లో సమాచారం బయటివాళ్లకు అందేలా తెరిచి ఉందని తేలింది. తాళం వేయమని ఎవరూ చెప్పలేదు, యంత్రం వేయలేదు. పట్నం వ్యాపారి డేటా పోతే వకీలును పెట్టుకుంటాడు. పెంటలో చెంచు ఖాతా ఖాళీ అయితే ఎవరిని పెట్టుకుంటాడు?

యంత్రం నెగ్గే చోటు కూడా ఈ అడవిలోనే ఉంది, దాచిపెట్టడం న్యాయం కాదు. 2018 పులుల గణనలో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. 3,48,58,623 ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. ఆ కోట్ల ఫొటోల్లో ఏ జంతువు ఏదో వేరుచేసిన పని సాఫ్ట్‌వేర్‌ది. చారలు పోల్చి ఒక పులినే రెండుసార్లు లెక్కించకుండా చూసేందుకు మరో ప్రోగ్రాము వాడారు. భేషైన ఆటోమేషన్. ఎందుకు నెగ్గింది? ప్రశ్న స్థిరంగా ఉంది: ఇది పులా, కాదా? జవాబు సరిచూడగల నిపుణులు ఉన్నారు. కెమెరా ఏ బాటలో, ఏ చెట్టుకు కట్టాలో అడవి తిరిగినవాళ్లు తేల్చారు. తప్పు జరిగితే పులి కూలీ పోదు. ప్రశ్న తేలిన చోట, సరిచూసేవాడు ఉన్న చోట యంత్రాన్ని నిక్షేపంగా పెట్టండి. మనుషుల హక్కులు తేలాల్సిన చోట ముందు ప్రశ్న తేల్చండి. ఈ తేడా తెలియనివాడు రెండింటినీ ఒకే గాటన కడతాడు.

అచ్చంపేట తండ్రికి కూడా ఒక మాట చెప్పాలి. కొడుకును కంప్యూటర్ చదువు మాన్పించకండి. కానీ అమీర్‌పేటలో మూడు నెలల్లో సింటాక్స్ బట్టీ పట్టించి ఉద్యోగం ఇప్పిస్తామనే చదువుకు మాత్రం డబ్బు తగలేయకండి. ఆ బట్టీ పని యంత్రం లాగేసుకుంది, మంచిదే. మీవాడు నేర్చుకోవాల్సింది వేరే: చట్టం చదివి అందులో పొసగనిది పట్టుకోవడం, ఆఫీసరు చెప్పినదానికీ పెంటలో జరిగేదానికీ తేడా చూడటం, యంత్రం ఇచ్చినదాన్ని తిరగేసి మరగేసి తప్పు వెతకడం, కుదరదన్నప్పుడు కుదరదని చెప్పడం. పాలమూరు బడుగు ఇంటి నుంచి వచ్చిన కుర్రాడికి ఈ పనిలో ఒక లాభం కూడా ఉంది. మస్టర్లో పేరు లేకపోతే ఇంట్లో ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

చివరగా సంబరపడేవాళ్లకు. కోడ్ చవకైందన్నారు, ఒప్పుకున్నాం. ఆ మాట వెంట ఒక పర్యవసానం వస్తుంది, అది మీరు చూసుకోలేదు. ఇన్నాళ్లూ కౌంటర్ అవతలి మనిషి పేదవాణ్ని ఒకే ఒక్క మాటతో వెనక్కి పంపాడు: సిస్టమ్ తీసుకోవట్లేదు. చెంచుల ముందస్తు కూలీకీ ఇదే, రైతు పేరులో అక్షరానికీ ఇదే, రేషన్ కార్డుకూ ఇదే. సాఫ్ట్‌వేర్ మార్చడం కష్టం కాబోలు అని వచ్చినవాడు నమ్మి వెళ్లిపోయాడు. ఇకమీదట ఆ సాకు చెల్లదు. గడి పెట్టడం ఐదు నిమిషాల పని అని మీరే ఊరూరా చాటారు. అయినా గడి లేదంటే, పెట్టకూడదని ఎవరో నిర్ణయించారన్న మాట. ఆ ఎవరో ఎవరు? పేరు, హోదా, సంతకం, తేదీ చూపాలి. మన్ననూరు ఐటీడీఏ మెట్లెక్కిన చెంచు అడగాల్సింది ఇదే. అతని పక్కన నిలబడి మనం అడగాల్సిందీ ఇదే. సిస్టమ్‌కు తీసుకోవడం, తీసుకోకపోవడం అనేవి ఉండవు. తీసుకోవద్దని చెప్పిన మనిషి ఉంటాడు. అతణ్ని బయటికి పిలవండి.